చాపనిడిసినోళ్ళ ఇల్లు

ఆదెప్ప చెప్పే మాటల్లో అతని పెళ్ళాం మునిలక్ష్మి నమ్మనిది ఒక్కటే ఒక్కటి. క్వారీలో బండ పగలగొడితే లోపలి నుంచి ప్రాణమున్న కప్ప గెంతిందంటే నమ్మింది. కుప్పం స్టేషన్లో గూడ్సు బండి కింద పడిన మేక అవతలి పక్క నుంచి నడిచొచ్చిందంటే అదీ నమ్మింది. కానీ కావేరి దగ్గర మనుషులు మొలలోతు నీళ్ళలో దిగి, బిడ్డంత చేపను పట్టి, దాంతో ఫొటో దిగి, మళ్ళీ ఏట్లోకే వదిలేస్తారని చెబితే మాత్రం నమ్మలేదు. ఆమె ఒక్కతే కాదు, ఏటిమిట్టపల్లెలో బుద్ధి ఉన్నవాళ్ళెవరూ నమ్మలేదు.

నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేం లేదు. కుప్పానికి కూతవేటు దూరంలో, పాలారు ఒడ్డున ఉండే ఊరని పేరే గానీ, ఆ ఏట్లో నీళ్ళు చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. ఇసుకలో గుంత తవ్వి చెంబు ముంచుకునే ఊరది. కుప్పం సంత నుంచి ఒక చేప ఇంటికొస్తే ఆ వీధంతా వాసన పీలుస్తుంది, తిన్నవాళ్ళు ముల్లును కూడా రెండోసారి చప్పరిస్తారు. అలాంటిచోట పట్టిన చేపను వదిలేశామని చెప్పుకునేవాణ్ణి పిచ్చివాడనైనా అనుకోవాలి, అబద్ధాలకోరనైనా అనుకోవాలి. ఆదెప్పకు పిచ్చి లేదని అందరికీ తెలుసు.

తొంభైల మొదట్లో అతను క్వారీ పని వదిలి, ఒక కన్నడ మేస్త్రీ వెంట కావేరి ఒడ్డున ఉన్న చేపల క్యాంపుకు పోయాడు. గాలం వేసే సరదా ఉన్నవాళ్ళు బెంగళూరు నుంచీ, దేశం కాని దేశాల నుంచీ అక్కడికి వస్తారు. వాళ్ళను పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, కూర్చోబెట్టుకుని తిప్పాలి, ఏ మడుగులో చేప ఉంటుందో చూపించాలి, రాగిపిండి ఉడికించి ఎర చెయ్యాలి, చేప పడితే ఎప్పుడు లాగాలో ఎప్పుడు వదలాలో పక్కన నిలబడి చెప్పాలి. గైడు పని అంటారు దాన్ని. వానలు వెనకబట్టాక మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. మొదటి ఏడు పని ముగించుకుని ఇంటికొచ్చి, సంగటి ముద్ద ముందు కూర్చుని ఆదెప్ప ఈ సంగతులన్నీ చెప్పాడు.

"ఎంత చాపలప్పా?" అని అడిగింది మునిలక్ష్మి.

గడప పట్టుకుని తప్పటడుగులు వేస్తున్న కూతురు పల్లవిని చూపించాడు. "మన పాప ఎత్తు ఉంటాయి. ఇంకా పెద్దవి గూడా ఉంటాయి."

"అది సరే. నిజం సెప్పు. ఆ చాపలు వండుకున్నారా, అమ్ముకున్నారా?"

"ఇడిసిపెట్టినాం మే."

"ఇడిసిపెట్టేదానికి యాల పట్టేది?"

ఆదెప్ప మరో ముద్ద చేసుకున్నాడు. ఊరిబిండి నంజుకున్నాడు, నీళ్ళు తాగాడు. ఆఖరికి "అది పట్టినోళ్ళకే తెలుస్తాది" అన్నాడు. మునిలక్ష్మికి ఒళ్ళు మండింది. అక్కడ ఈయప్ప అంట్లు తోముతున్నాడో ఏమో, చెప్పుకోవడానికి నామోషీ పడి ఈ కథ అల్లాడని అనుకుంది. ఫొటోలు పంపుతామని దొరలు చెప్పారట. ఒక్కరూ పంపలేదు.

ఈ మాట ఊళ్ళో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊరిపెద్ద రెడ్డెప్ప రచ్చబండ మీద నలుగురి ముందు అతన్ని అడిగించి, చెప్పించి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని "చాపనిడిసినోడు" అని పేరు పెట్టాడు. పేరు పెట్టడంలో రెడ్డెప్పను మించినవాడు కుప్పం తాలూకాలో లేడు, ఆయన పెట్టిన పేరు పచ్చబొట్టుతో సమానం. అప్పటినుంచీ వాళ్ళది చాపనిడిసినోళ్ళ ఇల్లు. ఉత్తరాలు తెచ్చే మనిషి అదే పేరుతో పిలిచేవాడు. పల్లవి బడికి పోవడం మొదలుపెట్టాక బడిలోనూ అదే పేరు, ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజులున్నాయి.

"ఒక్కసారి అబద్ధమని ఒప్పేసుకోప్పా. ఊరు నవ్వి మర్సిపోతాది" అని మునిలక్ష్మి బతిమాలింది.

ఆదెప్ప దేనికీ పట్టుబట్టే మనిషి కాదు. కూరలో ఉప్పు లేకపోయినా తింటాడు, పొలం గట్టును పక్కవాడు జరిపినా పోనీలే అంటాడు. పుంగనూరు దగ్గరున్న అత్తగారి ఊరికి ఏ పండక్కి రమ్మంటే ఆ పండక్కి వస్తాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. "జరిగింది జరగలేదని యాల సెప్పాల?" అనేవాడు, అంతే. మునిలక్ష్మి అబద్ధాన్నయితే క్షమించేది. ఇంతమంది చూస్తుండగా దాన్ని పట్టుకుని వేలాడ్డం ఆమెకు మొండితనంగా కనబడింది. అందుకని అతను చెప్పే మాటలకు ఊ కొట్టడం మానేసింది. ఊ కొట్టేవాళ్ళు లేకపోయేసరికి అతనూ చెప్పడం మానేశాడు. కొన్నేళ్ళకు క్యాంపు వదిలేసి కుప్పంలో గ్రానైటు పాలీషు పనికి కుదిరాడు. సాయంత్రం తెల్లటి రాతిపొడితో ఇంటికొచ్చి, తిని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కప్ప కథలూ మేక కథలూ చెప్పే మనిషి ఆ ఇంట్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయాడో మునిలక్ష్మి గమనించనే లేదు.

రెండు వేల ఐదులో వానలు కురిశాయి. మామూలుగా కురవలేదు. ఆకాశానికి చిల్లి పడిందా అన్నట్టు కురిశాయి. పైన కోలారు వైపు చెరువులన్నీ నిండి, కట్ట మీది మరవల గుండా పొర్లి పారాయి. ఆ చెరువుల్లో ఏళ్ళ తరబడి మేసి బలిసిన చేపలు మరవ నీళ్ళతో పాటు దూకి పాలారులోకి వచ్చిపడ్డాయి. ఇసుక తప్ప ఇంకోటి ఎరగని ఏట్లో ఎర్రటి నీళ్ళు ఒడ్లు ఒరుసుకుని పారుతుంటే ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ముసలివాళ్ళు పసుపూ కుంకుమా వేసి దండం పెట్టారు. ఆదెప్ప మాత్రం గట్టు వెంట నడుచుకుంటూ పోయి, బండల పక్కన నీళ్ళు సుడి తిరిగే మడుగు దగ్గర ఆగిపోయాడు. ఆ రోజు పాలీషు పనికి పోలేదు. మరునాడు కుప్పం పోయి ఎస్‌టీడీ బూత్ నుంచి బెంగళూరుకు ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ అందుకున్నాయన పేరు ఉమాశంకర్. మదనపల్లెలో పుట్టి పెరిగి, బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనాయన. కావేరి క్యాంపులో ఆదెప్ప పుట్టిలో కూర్చుని గాలం వేసిన పాత మనిషి. ఆదివారం పొద్దున రైల్లో ఇద్దరు స్నేహితులతో, గుడ్డ సంచుల్లో చుట్టిన గాలం రాడ్డులతో కుప్పంలో దిగాడు. ఊళ్ళోకి రాగానే రెడ్డెప్ప ఆయన్ను నిలబెట్టి అడిగాడు.

"ఏం సార్, కావేరిలో చాపను పట్టి ఇడిసిపెడతారంట. నిజమేనా?"

"నిజమే. నేనే ఎన్నో విడిచిపెట్టినా" అన్నాడు ఉమాశంకర్.

రెడ్డెప్ప ఆయన్ను ఎగాదిగా చూసి, పక్కకు తిరిగి, "పెద్దమనిసి. తెలిసినోడి పరువు పోతాదని అట్ల సెప్తాండాడు, పాపం" అన్నాడు. అందరూ తలలూపారు. గుమ్మంలో నిలబడి వింటున్న మునిలక్ష్మి కూడా మనసులో తలూపింది.

మడుగులో గాలం వేసుకోవడానికి ఊరు ఒప్పుకుంది గానీ ఊరికే ఒప్పుకోలేదు. రెడ్డెప్ప తండ్రి కాలంలో ఏరు పారినప్పటి కట్టుబాటు ఒకటుంది. పెద్ద చేపను ఒడ్డుకు తెచ్చినవాళ్ళది తల. ఆ తలను వాళ్ళే తమ చేత్తో కోసుకోవాలి. వాళ్ళు తల తీసుకున్నాకే మిగతా చేప మీద వేరేవాళ్ళు కత్తి పెట్టాలి, ఇంటింటికీ భాగం పంచాలి. "చిన్నాచితకా మీ ఇష్టం. పెద్దది పడితే మాత్రం ఊరికి బాగం రావాల. సరేనా ఆదెప్పా?" అన్నాడు రెడ్డెప్ప. కాదంటే ఆదెప్పకు మడుగు దక్కదు. "సరేప్పా" అని మాటిచ్చాడు.

అట్లా మొదలైంది ఆ సీజను. పాలారుకు అదే మొదటిదీ, ఆఖరిదీ.

వానలు ఆగి నీళ్ళు తేరుకున్న దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం రైలు దిగి వాళ్ళు వచ్చేవాళ్ళు. ఆదెప్ప తెల్లవారకముందే లేచి మడుగు చూసొచ్చేవాడు. "ఈపొద్దు బండ కింద ఉండాది" అనేవాడు. పొద్దు గూకేదాకా బండ కింద ఏదీ ఉండేది కాదు. "నీళ్ళు సల్లబడినాయి, లోతుకు పోయింటాది" అనేవాడు. లోతులోనూ ఉండేది కాదు. జానెడు జెల్లచేపలూ, మూరెడు మోసుచేపలూ పడేవి. ఉమాశంకర్ వాటిని గాలం తీసి మెల్లగా నీళ్ళలోకి వదిలేవాడు. ఆదెప్ప ఆశగా గట్టు మీదున్న ఊరివాళ్ళ వైపు చూసేవాడు.

"ఓస్, ఇంతేనా? అంత పిల్లదాన్ని ఎవురైనా ఇడిసిపెడతారు. మా పిల్లోళ్ళు గూడా ఇడిసిపెడతారు" అని వాళ్ళు తేల్చేశారు.

ఎర ఉడికించే పని మునిలక్ష్మి మీద పడింది. రాగిపిండిలో సోంపు, వెల్లుల్లి వేసి గట్టిగా కెలికి నిమ్మకాయంత ఉండలు చెయ్యమన్నాడు ఆదెప్ప. చేపకు పెట్టేదానిలో ఉప్పు వద్దన్నాడు. ఉప్పు లేకుండా సంగటి కెలకడం మునిలక్ష్మి చేతికి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అలా ఎన్నడూ కెలకలేదు. ఉప్పు వేసింది, వేసిన చేత్తోనే రెండు చెంచాల నెయ్యీ వేసింది, చేపయితే మాత్రం దానికి నోరు కాదా అనుకుంది. తీరా మధ్యాహ్నం మడుగు దగ్గరికి పోయి చూస్తే ఎర గిన్నె ఖాళీ. బెంగళూరు పెద్దమనుషులు ముగ్గురూ తాము తెచ్చుకున్న బ్రెడ్డు పక్కన పడేసి, ఎర ఉండలన్నీ ఊరిబిండితో తినేసి వేళ్ళు నాక్కుంటున్నారు.

"సార్, అది చాపలకప్పా!" అని నెత్తి కొట్టుకుంది.

"చేపలు తినడం లేదు కదమ్మా, వృథా పోతుందని" అన్నాడు ఉమాశంకర్, ఏమాత్రం సిగ్గు లేకుండా. ఆ వారం నుంచి ఆమె రెండు గిన్నెలు చేసేది, చేపలకొకటి, మనుషులకొకటి.

ఏరు చిక్కిపోతూ వచ్చింది. పారే నీళ్ళు సన్నబడ్డాయి. అక్కడక్కడా ఇసుక దిబ్బలు వీపులు బయటపెట్టాయి. ఇంకో వారం పోతే మడుగు కూడా గుంతైపోతుందని అందరికీ అర్థమైంది. ఆదెప్ప కళ్ళు లోపలికి పోయాయి. పాలీషు పనిలో మానేజరు కసిరినా వినిపించుకోవడం లేదు. తనను నమ్మించుకోవడానికి జన్మలో ఒక్క ఏరు వచ్చింది, అదీ వెళ్ళిపోతోంది. ఆ శనివారం సాయంత్రం వాకిట్లో కూర్చుని, ఎవరితోనో అన్నట్టు, "ఒక్కటి పడినా సాలు" అన్నాడు. మునిలక్ష్మి బియ్యం ఏరుతూ విన్నది. అతను అబద్ధమాడాడని ఆమె అప్పటికీ అనుకుంటూనే ఉంది. అయినా ఆ గొంతు విని, చేపల గిన్నెకు రాగిపిండి ఒక పిడికెడు ఎక్కువే కొలిచింది.

ఆఖరి ఆదివారం ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. నీళ్ళు తగ్గాయి కాబట్టి చేప ఎటూ పోయే దారి లేదని రెడ్డెప్పే లెక్క తేల్చాడు. ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ ఆడవాళ్ళందరినీ పోగేసి మసాలా రుబ్బించింది. ధనియాలు, కొబ్బరి, ఎండుమిరపకాయలు, పెద్ద గుండిగ నిండా చింతపండు పులుసు. చేప కనబడకముందే మసాలా రుబ్బకూడదని ఒక ముసలామె గొణిగింది గానీ ఎవరూ చెవిన పెట్టలేదు. మనుషులు గిన్నెలు తెచ్చుకున్నారు, కత్తులు తెచ్చుకున్నారు, అరిటాకులు కోసుకొచ్చారు.

పొద్దెక్కినా ఏమీ పడలేదు. ఉమాశంకర్‌కు ఆకలేసింది. మనుషుల గిన్నె తెచ్చిన మునిలక్ష్మిని పిలిచి, "అమ్మా, ఈ రాడ్డు రవ్వంతసేపు పట్టుకో, చెయ్యి కడుక్కుని రెండు ముద్దలు తింటా" అన్నాడు. ఆదెప్ప అవతల మోకాలి లోతులో, గాలం దారానికి, అదే తంగూసుకు, చిక్కుకునే కంపను తీసేస్తున్నాడు. మునిలక్ష్మి చీర కుచ్చిళ్ళు దోపుకుని రాడ్డు పట్టుకుంది. చీపురుకట్ట పట్టుకున్నట్టే పట్టుకుంది.

ఏదో చేతిని గుంజింది.

ముందు ఎవరో పరాచికమాడుతున్నారనుకుంది. అంతలో రీలు కీచుమని అరిచింది, రాడ్డు వంగి విల్లయింది, భుజం ఊడొస్తుందేమో అనిపించింది. "సార్! సార్! పట్టుకోండి!" అని కేక పెట్టింది.

ఉమాశంకర్ నోట్లో సంగటితోనే పరుగెత్తుకొచ్చాడు గానీ రాడ్డును తాకలేదు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టుకోకూడదమ్మా. గాలం వేసేవాళ్ళ కట్టుబాటిది. ఎవరి చేతిలో పడితే వాళ్ళే తీసుకురావాల. చెయ్యి మారితే ఆ చేప ఎవరిదీ కాదు" అన్నాడు.

"నాకేం తెలుసప్పా!"

"నేనుండా మే." ఆదెప్ప వెనకగా వచ్చి నిలబడ్డాడు. అతనూ రాడ్డును ముట్టుకోలేదు. "లాగొద్దు. పోనీ. యాడికి పోవాలంటే ఆడికి పోనీ. దారం మాత్రం వదులు కానీకు. ఆ... అంతే."

ఆ గొంతు మునిలక్ష్మికి కొత్త. ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకునే మనిషి గొంతు కాదది. తొందర లేదు, భయం లేదు. "ఇప్పుడు నిలిచింది సూడు. ఊపిరి తీసుకుంటాండాది. నువ్వూ తీసుకో. ఇంగ మెల్లిగా సుట్టు. సుట్టు. మళ్ళా పరిగెత్తుతాది, సెయ్యి తీసెయ్" అంటాడు, అన్న మరుక్షణమే చేప పరిగెత్తుతుంది. నీళ్ళ లోపల కనబడని దాని మనసు అతనికెలా తెలుస్తోందో ఆమెకు అర్థం కాలేదు. కళ్ళల్లోకి చెమట కారింది. గట్టు మీద అరుపులు మొదట్లో వినిపించాయి, తర్వాత అవీ వినబడలేదు. తంగూసు ఆ చివర ఒక ప్రాణం, ఈ చివర తను, చెవి పక్కన ఆదెప్ప మాట. లోకంలో ఇంకేమీ లేనట్టుండింది.

చాలాసేపటికి నీళ్ళు పగిలి వీపు కనబడింది. కట్ల చేప. పళ్ళెమంత తల, అరచేతి వెడల్పు పొలుసులు. గట్టు మీద వందమంది ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. ఆదెప్ప మొలలోతులోకి దిగి, ఒక చెయ్యి తోక దగ్గర, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి దాన్ని పట్టుకున్నాడు. గాలం ఎప్పుడు తీశాడో కూడా తెలియలేదు. నీళ్ళలోంచి ఎత్తలేదు. పారే నీళ్ళకు దాని మూతిని ఎదురు తిప్పి, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపసాగాడు. అంతదాకా ఏరంతా కలియబెట్టిన ఆ చేప అతని చేతుల్లో కదలకుండా నిలబడింది. పల్లవి పసిబిడ్డగా ఉన్నప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తే అట్లాగే ఉండేది. పొడవు కూడా గడప పట్టుకుని నడిచినప్పటి పల్లవి అంతే.

మునిలక్ష్మి ఆ చేతులనే చూసింది. అది ఇవాళ వచ్చిన పని కాదు. ఒకటి రెండు సార్లు చేసినవాడికి వచ్చే పని కూడా కాదు. నోటితో మనిషి ఎన్నైనా కల్పిస్తాడు గానీ ఈ చేతులను కల్పించడం ఎవరి తరం? ఎన్ని చేపలను ఇట్లా పట్టుకుని, ఇట్లా ఊపిరి పోసి, ఇట్లా వదిలాడో! అంతా నిజమే చెప్పాడు. మొదటి రోజు నుంచీ నిజమే చెప్పాడు. తాను గోడ వైపు తిప్పి పడుకోబెట్టింది నిజం చెప్పిన మనిషిని.

"ఎత్తుకురా ఆదెప్పా! ఎత్తుకురా!" రెడ్డెప్ప పంచె ఎగ్గట్టి నీళ్ళ దాకా దిగాడు. వెనక కత్తులు, గిన్నెలు.

ఆదెప్ప తలెత్తాడు. ఉమాశంకర్ వైపు చూడలేదు, మునిలక్ష్మి వైపు చూశాడు. మాటిచ్చిన మనిషి, మాట తప్పే మనిషి కాదు. ముఖంలో రక్తం లేదు. "తల నీది మే. ఒచ్చి కోసుకో. ఊరోళ్ళకు బాగం ఇచ్చేద్దాం" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మునిలక్ష్మికి తెలిసిపోయింది. ఇంక ఆమెకు రుజువు అక్కర్లేదు. ఈ చేపను కోసి పులుసు పెట్టుకుంటే తనకొచ్చిన నష్టమేం లేదు. కానీ ఊరు పులుసు తిని, ముళ్ళు చప్పరించి, రేపు పొద్దున మళ్ళీ చాపనిడిసినోడా అని పిలుస్తుంది. చచ్చేదాకా పిలుస్తుంది. ఆమె నీళ్ళలోకి దిగింది. చీర తడిసి కాళ్ళకు చుట్టుకుంటున్నా ఆగకుండా వెళ్ళి చేప తల మీద చెయ్యి వేసింది. చల్లగా, నున్నగా ఉంది.

"ఈ చాపను ఒడ్డుకు తెచ్చింది నేను. అవునా కాదా రెడ్డెప్పా?"

"నువ్వేమ్మా. ఎవురు కాదన్నారు? కత్తి తీసుకో."

"తల నాది. అవునా?"

"నీదేమ్మా. మా నాయన కాలం నుంచీ కట్టుబాటు."

"నేను తల తీసుకోకముందు ఎవురూ కత్తి పెట్టకూడదు గదా?"

"ఎవురు పెడతారు! కానీ, తొందరగా కానీ."

"అయితే నా తలను నేను కొయ్యను. నా తల నా ఇష్టం. ఇట్లే, ప్రాణంతోనే ఏట్లోకి ఇడిసిపెడతాండా" అంది మునిలక్ష్మి. "మిగిలింది మీది. నా తలకు నొప్పి తగలకుండా, కత్తి పెట్టకుండా, మీ బాగం మీరు తీసుకోండి."

రెడ్డెప్ప చేపను తిరగేసీ బోర్లేసీ మనసులో ఎన్ని విధాల కోసి చూసుకున్నా తల వదిలి తోక చేతికి రావడం లేదు. కట్టుబాటు తన తండ్రిది, కాదనడానికి లేదు.

"ఇడిసిపెట్టప్పా" అంది మునిలక్ష్మి, మొగుడితో, మెల్లగా. "నాకు తెలిసిపోయింది. ఈళ్ళకూ తెలియాల గదా."

ఆదెప్ప చేతులు తెరిచాడు. చేప వెంటనే పోలేదు. ఆ తెరిచిన చేతుల్లోనే ఒక నిమిషం నిలిచి, తోక ఒక్కసారి ఆడించి, ఇద్దరి ముఖాల మీదా నీళ్ళు చల్లి లోతుల్లోకి దిగిపోయింది. గట్టు మీద వందమంది చూశారు. కళ్ళతో చూశారు. ఆదెప్ప ఖాళీ చేతులను అట్లాగే నీళ్ళలో పెట్టుకుని ఏడ్చాడు. దాచుకోకుండా, పసివాడిలా ఏడ్చాడు. మునిలక్ష్మి అతని భుజం పట్టుకుని ఒడ్డుకు తీసుకొచ్చింది.

ఊరు తిట్టకుండా ఊరుకుందా? తిట్టింది. బాగా తిట్టింది. గిన్నెలు గణగణలాడించింది. వెంకటలక్ష్మమ్మ రుబ్బిన మసాలాను చూసుకుని కంట తడి పెట్టుకుంది. కానీ రుబ్బిన మసాలా పారబోసే ఊరు కాదది. పొయ్యి వెలిగించారు, పులుసు కాచారు, మునిలక్ష్మి ఒంటి చేత్తో ఊరందరికీ సంగటి కెలికింది, ఈసారి కావాలనే ఉప్పు వేసి. ముక్క లేని చేపల పులుసును ఊరు ఊరంతా ఏటి ఇసుకలో కూర్చుని తింది. రెడ్డెప్ప మూతి ముడుచుకునే మూడు ముద్దలు లాగించి, "చాప ఉండి ఉంటే ఈ రుచి వచ్చేది గాదులే" అని గొణిగాడు. పక్కనే ఉమాశంకర్ ఇది వరకు తిన్న రెండు ముద్దల సంగతి మరిచిపోయి మళ్ళీ ఆకు వేయించుకున్నాడు.

ఆ వారంలోనే మడుగు తెగి గుంతలైంది, గుంతలు బురదైనాయి. చేప ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. కిందికి, తమిళనాడు వైపు పారే పాయలో పడి వెళ్ళిపోయిందని ఆదెప్ప అనేవాడు. మునిలక్ష్మి నమ్మేది. అతను చెప్పడం మొదలుపెడితే ఊ కొడుతూ వినేది. ఊ కొట్టే మనిషి దొరికాక ఆదెప్ప కూడా పాత కథలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీశాడు.

నాలుగేళ్ళు గడిచాయి. పాలారు మళ్ళీ ఇసుక, ఇసుక కోసం ట్రాక్టర్లు. ఒకరోజు మధ్యాహ్నం రెడ్డెప్ప ఎర్రటి ముఖంతో రొప్పుతూ వాకిట్లోకి వచ్చాడు. వెంట టమోటాలు కొనడానికి పుంగనూరు నుంచి వచ్చిన వ్యాపారి, పేరు ముద్దుకృష్ణ. కుప్పం బస్టాండు దగ్గర టీ తాగుతూ రెడ్డెప్ప ఆ ఏటి సంగతి చెబితే ఈయన పడీ పడీ నవ్వాడట. నలుగురి ముందు పరువు పోయిందని రెడ్డెప్ప అతన్ని బండెక్కించుకుని మరీ తీసుకొచ్చాడు.

"సెప్పమ్మా! నువ్వే సెప్పు ఈ మనిసికి. నా మాట అబద్ధమంట! నా కండ్లతో సూసినా, ఊరంతా సూసినాం!"

మునిలక్ష్మి చేతిలో పని పక్కన పెట్టి, మొదటి నుంచీ చెప్పింది. రాడ్డు గుంజిన సంగతి, పళ్ళెమంత తల, నీళ్ళలో దిగిన సంగతి, ఏదీ విడిచిపెట్టలేదు. ముద్దుకృష్ణ మర్యాదగా, చివరిదాకా విన్నాడు. తర్వాత మీసాల చాటున నవ్వు దాచుకుంటూ అడిగాడు.

"అది సరేలేమ్మా. మనం మనం ఒక సీమోళ్ళం. నిజం సెప్పు. ఆ చాపను వండుకున్నారా, అమ్ముకున్నారా?"

పక్కన రెడ్డెప్ప గిలగిల కొట్టుకుంటూ "ఇడిసిపెట్టినాం! ఇడిసిపెట్టినామంటే అర్థం కాదా!" అని కేకలు పెట్టాడు. వ్యాపారి రెండు చేతులూ జోడించి, నవ్వుకుంటూ, బండి దగ్గరికి నడిచాడు. రెడ్డెప్ప అతని వెంటబడి వీధి మలుపు దాకా అరుస్తూనే పోయాడు.

అరుగు మీద ఆదెప్ప అంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మునిలక్ష్మి వచ్చి అతని పక్కన కూర్చుంది. ఒక్క పూట, ఒక్క మనిషి నమ్మనందుకే ఆమెకు ఇంత మంట.

"ఇన్నేండ్లు ఎట్ల ఓర్చుకుంటివప్పా నువ్వు?" అని అడిగింది.

ఆదెప్ప నవ్వు ఆపాడు.

"ఊరు నమ్మకపోతే పోనీలే అనుకుంటి మే" అన్నాడు. "నీ దగ్గరే ఓర్చుకోలేకపోతి."

మునిలక్ష్మి అతని చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. వీధి మలుపులోంచి రెడ్డెప్ప గొంతు ఇంకా వినబడుతూనే ఉంది.